పద్నాలుగు లైన్ల సాక్ష్యం

పోయినవారం జీవితను మనం కర్నూలు పెద్దాసుపత్రి మెట్ల మీద వదిలిపెట్టాం. పత్తికొండ దగ్గర బుడ్డల మిల్లులో, అంటే వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులో, మిషను బెల్టు కింద పడి కుడిచేతి మూడు వేళ్ళు పోగొట్టుకున్న చిన్న ఈరన్నను పలకరించి ఆమె అప్పుడే కిందికి దిగింది. ఆ మిషన్‌ను నడిపే కంట్రోల్ బాక్సు జీవిత పనిచేసే కంపెనీలోనే తయారైంది. రెండేళ్ళుగా ఆ బాక్సు లోపలి ప్రోగ్రాం చూసుకుంటున్నది ఆమె.

"ఎర్ర బటన్ నొక్కినానమ్మా. రెండు మార్లు నొక్కినా. మిషను నిలబడల్యా. ఇప్పుడేమో నేను నొక్కనే లేదని రాసుకుంటాండారంట. నా మాట ఎవురూ నమ్మల్యా," అని ఈరన్న కట్టుకట్టిన చేతిని గుండెకు ఆనించుకుని చెప్పాడు. పక్కన కూర్చున్న అతని భార్య హంపమ్మ జీవిత ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపును తట్టుకోలేకనే జీవిత త్వరగా లేచి వచ్చేసింది.

కల్లూరు పారిశ్రామిక ఎస్టేట్‌లోని ఆఫీసుకు చేరగానే ఆమె చేసిన మొదటి పని, తన తప్పును వెతుక్కోవడం. మనిషి చెయ్యి పోయింది. తన వల్లే పోయిందేమో. కాయలు అడ్డంపడి మిషను బిగుసుకుపోతే మోటారును ముందుకూ వెనక్కూ ఆడించి వదిలించే భాగం ఒకటి ప్రోగ్రాంలో ఉంది. ఈరన్న చెయ్యి పెట్టింది సరిగ్గా ఆ సమయంలోనే. ఆ భాగాన్ని ఆమె అక్షరం అక్షరం చదివింది. మోటారు తిరిగిన ప్రతిసారీ ఎర్ర బటన్‌ను చూడాలనీ, అది నొక్కి ఉంటే వెంటనే ఆపాలనీ అందులో స్పష్టంగా రాసి ఉంది.

రాసింది సరిగ్గానే ఉంది. మరి మిషను ఎందుకు ఆగలేదు?

అప్పుడామె కంపైలరు తయారుచేసి ఇచ్చిన యంత్రభాషను తెరిచి చూసింది. ఒక్కొక్క ఆదేశం పక్కన పెన్సిలుతో గీత పెట్టుకుంటూ వెళ్ళింది. మోటారు ఆడించే చోటికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది. మోటారును మళ్ళీ మళ్ళీ ఆడించే ఆదేశాల చుట్టు ఒకటుంది; బటన్‌ను చూసే ఆదేశం ఆ చుట్టుకు బయట ఉంది. ఒక్కసారి. చుట్టు లోపల అది లేనే లేదు.

"అక్కా, రోజూ కంపైలరు కంపైలరని ఇంటానే ఉండా. అసలు అదేంది?" అని అడిగింది నాగజ్యోతి. బాక్సుల్లో తీగలు అతికి, పరీక్ష చేసి పంపే పని ఆమెది. జీవిత ముఖం తెల్లబోవడం చూసి తన బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది.

"రిజిస్ట్రారాఫీసు ముందర రైటర్లు కూర్చోనుంటారు సూడు. మనం మామూలు మాటల్లో చెప్తాం. వాళ్ళు దస్తావేజు భాషలో రాసిస్తారు. ఇదీ అంతే. నేను రాసిందాన్ని చిప్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చి ఇస్తాది. తిరిగిన ప్రతిసారీ బటన్ సూడమని నేను రాసినా. ఒక్కసారి సూస్తే శాలని ఇది మార్చి రాసింది."

"మనం చెప్పంది రాస్తే మోసం గదక్కా!"

"త్వరగా పని అయిపోవాలని అనవసరమైనవి తీసేస్తాది. అది దాని పనే. కానీ దీన్ని తీసేయకూడదని నేను గుర్తు పెట్టినా. ఆ గుర్తుంటే తీసే హక్కు దానికి ల్యా. ఈ భాష రూలు పుస్తకంలోనే ఉండాది."

ఆ రోజే ఆమె మొత్తం ప్రోగ్రాంను, తను కనుక్కున్న సంగతిని కలిపి కంపైలరు తయారుచేసిన విదేశీ కంపెనీకి పంపింది. జవాబు తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. తొమ్మిది వేల లైన్ల ప్రోగ్రాంకు తొమ్మిది నిమిషాలు. తమ కంపైలరు కోట్లాది పరికరాల్లో నిక్షేపంగా పనిచేస్తోందనీ, లోపం ఆమె కోడ్‌లోనే ఉండే అవకాశం ఎక్కువనీ, భాష నియమాలను మరోసారి చదువుకోవలసిందనీ, కేసు మూసేశామనీ అందులో ఉంది. చివర్న ఆమె రోజు బాగా గడవాలని కోరుకున్నారు.

జీవిత చెవులు వేడెక్కాయి. అక్కడ ఈరన్నను ఎవరూ నమ్మలేదు. ఇక్కడ తననూ నమ్మలేదు. ఇద్దరినీ ఏమీ అడగకుండానే కొట్టిపారేశారు. అయితే, కోపం కొంచెం దిగాక ఒక సంగతి ఆమెకు ఒప్పుకోక తప్పలేదు. తొమ్మిది వేల లైన్లు ఎవరి ముందు పడేసినా చదవరు. తప్పు ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించాలి. దాని చుట్టూ ఇంకేమీ ఉండకూడదు, సాకు దొరకకూడదు.

"జ్యోతీ, ఒక పాత బాక్సు తెచ్చి నా బల్ల మీద పెట్టు. మోటారు బదులు బల్బు తగిలించు," అంది.

ఆ బుధవారం మొదలైన పని శుక్రవారం సాయంత్రం దాకా సాగింది. పద్ధతి వినడానికి చాలా సులువు. ప్రోగ్రాంలో సగం తీసెయ్యాలి. మిగిలినదాన్ని బాక్సులోకి ఎక్కించాలి. నాగజ్యోతి ఎర్ర బటన్ నొక్కాలి. బల్బు ఆరితే తప్పు తీసేసిన సగంతో పాటు పోయిందని అర్థం. దాన్ని తిరిగి తెచ్చి రెండో సగం తీసి చూడాలి. బల్బు ఆరకపోతే తప్పు ఇంకా ఇక్కడే ఉందని అర్థం. మళ్ళీ సగం తియ్యాలి.

ఫోనుకు మెసేజీ పంపే భాగం పోయింది. తెర మీద తెలుగులో అక్షరాలు చూపే భాగం పోయింది. బస్తాలు లెక్కపెట్టే భాగం, వేడి కొలిచే భాగం, ఒక్కొక్కటే పోయాయి. తొమ్మిది వేలు నాలుగు వేలయ్యాయి, పదిహేను వందలయ్యాయి.

"ఆరల్యా అక్కా!" అని కేక వేసేది నాగజ్యోతి. ఇద్దరి ముఖాలూ వెలిగేవి. అలా నవ్వుకుంటుండగా ఒకసారి జీవితకు ఉన్నట్టుండి ఈరన్న చెయ్యి గుర్తొచ్చింది. బటన్ నొక్కినా ఆగకపోవడమే కదా ఈ కేక అర్థం. ఆ తర్వాత నాగజ్యోతి కూడా కేక వేయడం మానేసి తల మాత్రం అడ్డంగా ఊపింది.

గురువారం మధ్యాహ్నం తప్పు మాయమైపోయింది. ఏ సంబంధమూ లేని ఒక్క లైను తీస్తే బల్బు ఠక్కున ఆరిపోయింది. తిరిగి పెడితే ఆరలేదు. కరెంటు పోయి ఫ్యాను ఆగి, చొక్కా వీపుకు అంటుకుపోయినా జీవిత లేవలేదు. రెండు గంటలు ఆ లైనునే చూస్తూ కూర్చుంది. చివరికి తట్టింది. బటన్ నొక్కారా లేదా అన్నది చిప్ ఒక గుర్తుగా దాచుకుంటుంది; ఆ లైను మార్చేది దాని పక్కనున్న ఇంకో గుర్తును. చిప్ మెమరీలో ఆ గుర్తుకూ బటన్ గుర్తుకూ ఒకే చిన్న గడిలో చోటు ఉంది. పక్కదాన్ని తానే మార్చాను కాబట్టి గడి మొత్తం తనకు తెలుసని కంపైలరు అనుకుంటోంది. బటన్‌ను మళ్ళీ చూడటం మానేస్తోంది. రెండూ పక్కపక్కన ఉంటేనే ఆ తప్పు చేస్తోంది. అందుకే ఇన్నాళ్ళూ మామూలు పరీక్షల్లో ఎవరి కంటా పడలేదు.

అక్కడి నుంచి పని చకచకా సాగింది. రెండు వందలు, అరవై, ముప్పై. శుక్రవారం సాయంత్రానికి పద్నాలుగు లైన్లు మిగిలాయి. అందులో ఏ ఒక్కటి తీసినా తప్పు కనబడదు. అదే కంపైలరు పాత వెర్షనుతో ఎక్కిస్తే బల్బు ఆరింది. ఇప్పుడు వాడుతున్న కొత్తదాంతో ఎక్కిస్తే ఆరలేదు. లైన్లు అవే, బాక్సు అదే, బటన్ మీద వేలు కూడా అదే.

"ఈరన్న నొక్కినాడు," అంది జీవిత.

శనివారం పొద్దున పదకొండుకు యజమాని శివశంకర్ ఆమెను తన గదిలోకి పిలిచాడు. కోయిలకుంట్ల వైపు భూములున్న కుటుంబం ఆయనది. వ్యవసాయం వదిలి ఈ కంపెనీ పెట్టి పన్నెండేళ్ళయింది. మాట మెత్తన. గదిలోకి ఎవరొచ్చినా ముందు మజ్జిగ తెప్పిస్తాడు. ఆ రోజూ తెప్పించాడు. గ్లాసు పక్కనే ఒక కాగితం పెట్టాడు.

"సోమవారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాండాడమ్మా. టెక్నికల్ రిపోర్టు. చదువుకొని సంతకం పెట్టు."

జీవిత చదివింది. ప్రమాద సమయంలో కార్మికుడు ఎమర్జెన్సీ బటన్ నొక్కలేదని కంట్రోల్ బాక్సులో నమోదైన వివరాలను బట్టి నిర్ధారణ అయిందని ఉంది. కార్మికుడు మద్యం సేవించి ఉన్నట్టు తోటివారు తెలిపారని ఉంది. పరికరంలో ఏ లోపమూ లేదని ఉంది. కింద ఆమె పేరు, పేరు పైన సంతకానికి చోటు.

"ఆయన తాగినాడని ఎవరు చెప్పినారు సార్?"

"మిల్లోళ్ళు చెప్పినారు. అది వదిలెయ్. నీకు సంబంధించింది బటన్ సంగతి. ఆ వివరాలు, బాక్సు లాగ్, నువ్వే తీసినావు గదా. నొక్కినట్టు అందులో ఉండాదా?"

"ల్యా సార్."

"మరింకేం?"

"చిప్ ఆ బటన్ వైపు సూస్తేనే గదా సార్ లాగ్‌లో పడేది! అది సూడనే ల్యా. ఆయప్ప పదిసార్లు నొక్కినా అందులో పడదు. ఏ తప్పు వల్ల ఆయప్ప చెయ్యి పోయిందో ఆ తప్పునే తెచ్చి ఆయప్ప మీద సాక్ష్యం పెడతాండారు మీరు."

ఆమె లాప్‌టాప్ తెరిచి ఆయన వైపు తిప్పింది. పద్నాలుగు లైన్లు చూపించింది. పక్కనే యంత్రభాష చూపించింది. పాత కంపైలరు ఇచ్చింది ఇది, కొత్తది ఇచ్చింది ఇది, ఈ ఒక్క ఆదేశం మాయమైంది అని వేలు పెట్టి చెప్పింది. శివశంకర్ ఓపిగ్గా విన్నాడు. విని, మజ్జిగ గ్లాసు ఆమె వైపు ఇంకొంచెం జరిపాడు.

"ప్రపంచమంతా వాడతాండారు ఆ కంపైలరు. అంతమందికి కనపడని తప్పు కల్లూరు ఎస్టేట్‌లో కూర్చున్న నీకు కనపడిందా?"

"కనపడింది సార్. అదో, మీకూ కనపడతాండాది."

"ఇన్‌స్పెక్టరుకు ఇవన్నీ అర్థం కావమ్మా. ఆయనకు రెండే తెలుసు. తప్పు పనోనిదా, మిషన్‌దా. మిషన్‌ది అంటే బాక్సుది. బాక్సుది అంటే కోడ్‌ది. కోడు రెండేళ్ళ నుంచి ఎవరి చేతిలో ఉండాది?" ఆయన గొంతు ఏమాత్రం పెరగలేదు. "ఆలోచించుకో. వానిదని రాద్దామా, నీదని రాద్దామా?"

జీవిత లాప్‌టాప్‌ను ఠపీమని మూసింది. ఈ మనిషి మజ్జిగ ఇచ్చి మరీ ఈ మాట అడుగుతున్నాడన్న మంటతో.

"నాదైతే నాదనే రాసిచ్చేదాన్ని సార్. మూడు రోజులు వెతికినా, మొదలు నా తప్పు కోసమే. మీరు ఆయప్ప దగ్గరికి పోయినారా? ఒక్కసారైనా? మూడు వేళ్ళు పోయిన మనిషి రెండు మార్లు నొక్కినానని చెప్తాంటే, తాగుబోతని రాసిస్తారా? ఎర్ర బటన్ తీగ నేరుగా కరెంటునే తెంచాల, చిప్ మీద వదలగూడదని ఆర్నెల్ల కింద నేను చెప్పినా. ఇదే గదిలో. మీరు ఇట్లనే మజ్జిగ ఇచ్చి పంపించినారు!"

బయట తీగలు అతుకుతున్న వాళ్ళందరూ చేతులు ఆపేసి ఇటు చూశారు. శివశంకర్ లేచి తలుపు మూశాడు. వచ్చి కూర్చుని, మొదటిసారి కాస్త చిరాకు పడ్డాడు.

"ఏమమ్మా, అరిస్తే ఆ చెయ్యి వస్తాదా? ఇక మీద పోయే బాక్సుల్లో ఆ రెండో నంబరు ఆప్టిమైజేషను ఆపేసి పంపిస్తే సరిపోతాది. దీనికింత రాద్ధాంతం ఎందుకు?"

జీవిత మాట్లాడబోయి ఆగింది.

ఆయన చెప్పింది నిజమే. కంపైలరుకు వేగం పెంచమని చెప్పే ఆ సెట్టింగు రెండో నంబరులో ఉంటేనే తప్పు బయటపడుతోంది. ఒకటో నంబరులో రాదు. అది ఆమెకు నిన్న సాయంత్రమే తెలిసింది. నాగజ్యోతికి కూడా చెప్పలేదు. ఈ గదిలో ఆమె కంపైలరు పాతదనీ కొత్తదనీ అంది గానీ, సెట్టింగు మాటే ఎత్తలేదు.

"రెండో నంబరని మీకెట్ల తెలుసు సార్?"

శివశంకర్ మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. అది ఆమె కోసం తెప్పించిన గ్లాసు. ఒక గుక్క తాగి కింద పెట్టాడు.

"పన్నెండేళ్ళ నుంచి కంపెనీ నడుపుతాండా. ఆ మాత్రం తెలీదా? సోమవారం పొద్దున తొమ్మిదికి కాగితం నా బల్ల మీద ఉండాల. పో."

ఆమె కాగితాన్ని అక్కడే వదిలి బయటికి వచ్చింది. తన కుర్చీలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా కంపైలరు కంపెనీ సైటు తెరిచి రిపోర్టు రాయడం మొదలుపెట్టింది. కంపైలరు ఏ వెర్షను, ఏ సెట్టింగు, ఏ చిప్. పద్నాలుగు లైన్లు. రావలసింది ఇది, వచ్చింది ఇది. రూలు పుస్తకంలో ఏ పేజీ, ఏ వాక్యం. ఈసారి ఎక్కడా కోపం కనబడనివ్వలేదు. వాళ్ళకు పట్టుకుని వేలాడటానికి ఒక్క మాట కూడా మిగల్చలేదు.

అంతా అయ్యాక ఒక్క వాక్యం చేర్చాలా వద్దా అని తటపటాయించింది. ఇలాంటి రిపోర్టుల్లో అలాంటివి రాయరు. రాస్తే నవ్వుతారేమో కూడా. రాసింది. 'ఈ లోపం వల్ల ఒక మనిషి కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. అతని పేరు చిన్న ఈరన్న.'

పంపింది.

రెండు నిమిషాలకు తెర మీద ఒక పసుపు పట్టీ వచ్చింది. మనిషి పంపింది కాదు, సైటు తనంతట తాను చూపించింది. మీరు రాసినదాన్ని పోలిన పాత రిపోర్టు ఒకటి ఉంది, చూడండి అని.

జీవిత నొక్కింది.

రెండేళ్ళ మూడు నెలల కిందటిది. అదే చిప్. రెండో నంబరు సెట్టింగు. ఒకే గడిలో రెండు గుర్తులు. నలభై లైన్ల ఉదాహరణ. ఆమెదంత చిన్నగా కుదించలేదు గానీ, పట్టుకున్నది సరిగ్గా ఇదే తప్పును. ఎమర్జెన్సీ బటన్ పనిచేయడం లేదు, ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం, దయచేసి త్వరగా చూడండి అని ఉంది. రాసిన వ్యక్తి పేరు గాబ్రియేలు. ఊరు కర్నూలు. కంపెనీ పేరు ఉండవలసిన చోట ఆమె తన కంపెనీ పేరే చదివింది.

దాని కింద, మరింత సమాచారం ఇవ్వగలరా అని కంపైలరు వాళ్ళ ప్రశ్న. దాని కింద ఇంకో జవాబు. అది గాబ్రియేలు రాసింది కాదు. 'మా ఇంజనీరు అవగాహన లోపంతో ఈ ఫిర్యాదు చేశాడు. అతను ప్రస్తుతం మా సంస్థలో లేడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం. కేసు మూసివేయగలరు. శివశంకర్, మేనేజింగ్ డైరెక్టర్.'

జీవిత ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదివింది. ఆయనకు తెలుసు. ఈరన్న మిల్లుకు ఆ బాక్సు బిగించింది నిరుడు ఉగాది తర్వాత. అప్పటికే తెలుసు. తెలిసి బిగించాడు. ఆర్నెల్ల కింద ఆమె తీగ సంగతి చెబుతుంటే అంతా తెలిసే తల ఊపాడు. ఇందాక ఆమె వేలు పెట్టి చూపిస్తుంటే, ఏమీ ఎరగనట్టు, నీకు కనపడిందా అని అడిగాడు.

"జ్యోతీ," అని పిలిచింది. "గాబ్రియేలు ఎవరు?"

నాగజ్యోతి సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టి, ఒకసారి శివశంకర్ గది వైపు చూసి దగ్గరికి వచ్చింది. "నీ కంటే ముందర ఈ కుర్చీలో కూర్చునేటోడక్కా. శానా మంచోడు. ఒక రోజు పొద్దున వస్తే గేటు కాడనే ఆపేసినారు. సామాన్లు కూడా తీసుకోనియల్యా. ఇప్పుడు కడపలో ఐటీఐ పిల్లోళ్ళకు పాఠాలు చెప్తాండాడు. ఏమైందక్కా?"

"నంబరు ఉండాదా?"

జీవిత ఫోను తీసుకుని వెనక గోడౌను దగ్గరికి నడిచింది. ఖాళీ అట్టపెట్టెల మధ్య నిలబడి నంబరు నొక్కింది. నాలుగో రింగుకు ఎత్తారు. వెనక లేతు మిషన్ల శబ్దం. నిదానమైన మగ గొంతు.

"ఎవరండీ?"

"గాబ్రియేలు గారా? నా పేరు జీవిత అన్నా. కర్నూలు నుంచి మాట్లాడతాండా. కల్లూరు ఎస్టేట్‌లో మీరు చేసిన కంపెనీలోనే చేస్తాండా. మీరు రెండేళ్ళ కింద పంపిన కంపైలరు రిపోర్టు ఇప్పుడే చూసినా. పత్తికొండ కాడ మిల్లులో ఒకాయన చెయ్యి..."

అవతల వైపు మనిషి నడుచుకుంటూ బయటికి వస్తున్నట్టుంది. లేతు శబ్దం తగ్గిపోయింది.

"ఆ బాక్సులు అమ్మేది ఆపేసినారనుకుంటినమ్మా," అన్నాడు. "అమ్మినవన్నీ వాపసు తెప్పిస్తానని శివశంకర్ సార్ నాకు మాటిచ్చినాడు. అందుకే నేను నోరు మూసుకున్నా."

"అన్నా..."

"ఒక్కటి చెప్పమ్మా. ఈ పత్తికొండాయన ఎన్నోవాడు?"

జీవితకు అర్థం కాలేదు. "ఎన్నోవాడంటే?"

"నేను ఉన్నప్పుడే ఇద్దరు," అన్నాడు గాబ్రియేలు. "అందులో ఒకాయన బతకల్యా."